పాసుపుస్తకానికి సాయం, సాగుకు అప్పు

ఎకరానికి ఇంత అని లెక్కగట్టి పట్టాదారు బ్యాంకు ఖాతాలో నేరుగా డబ్బు వేయడం ఇప్పుడు రైతు సాయానికి ప్రధాన రూపమైంది. ఈ దారి చూపింది తెలంగాణ. 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలోని శాలపల్లి–ఇందిరానగర్‌లో మొదలైన రైతుబంధు, సీజనుకు ఎకరానికి 4,000 రూపాయల చెక్కుతో ఆరంభమై మరుసటి ఏడాది 5,000కు పెరిగింది. 2019 ఫిబ్రవరి 24న కేంద్రం గోరఖ్‌పూర్‌లో పీఎం కిసాన్‌ను ప్రారంభించి ఏటా 6,000 రూపాయలు మూడు విడతలుగా ఇవ్వసాగింది. అదే ఏడాది అక్టోబరు 15న ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ రైతు భరోసా వచ్చింది. 2025 జనవరి 26 నుంచి తెలంగాణలో రైతు భరోసా పేరుతో ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు, 2025 ఆగస్టు 2 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ కింద కేంద్రం వాటాతో కలిపి కుటుంబానికి ఏటా 20,000 రూపాయలు ఇస్తున్నారు. పేర్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి. పునాది ఒక్కటే: భూమి రికార్డులో ఎవరి పేరుంటే సాయం ప్రధానంగా వాళ్ళది.

ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. అధికారులు, ఆర్థికవేత్తలు, పత్రికల సంపాదకీయాలు దాదాపు ఒకే మాట చెబుతూ వచ్చాయి. ఎరువుల సబ్సిడీలో కంపెనీ ఉంటుంది, కొనుగోలులో దళారి ఉంటాడు, రుణమాఫీలో బ్యాంకు ఉంటుంది. నగదు బదిలీలో మాత్రం ప్రభుత్వానికీ రైతుకూ మధ్య ఎవరూ ఉండరు, పైసా పక్కకు పోదు అంటారు. సాగు మొదలయ్యే వేళకు చేతిలో డబ్బుంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని ఉండదంటారు. కౌలు రైతు సంగతేమిటని అడిగితే దానికీ జవాబు సిద్ధంగా ఉంది. కౌలు అనేది ఆసామికీ కౌలుదారుకూ మధ్య నోటిమాట మీద నడిచే సొంత వ్యవహారం, ఏటా మారిపోతుంది, దాన్ని పట్టుకోవడం ప్రభుత్వం వల్ల కాదు, పట్టుకోబోతే ఊళ్ళో తగాదాలు పుడతాయి, ఆసాములు భూములు బీడు పెట్టుకుంటారు.

ఈ అభిప్రాయంలో నిజం బొత్తిగా లేదనలేం. సొంత భూమిని సొంతంగా దున్నుకునే రెండు మూడెకరాల పట్టాదారుకు ఈ డబ్బు నిజమైన ఆసరా. తెలంగాణ పట్టాదారుల్లో అత్యధికులు ఐదెకరాల లోపు వాళ్ళే. గతంలో లంచం లేకుండా ఒక్క కాగితం కదలని చోట నేరుగా ఖాతాలో డబ్బు పడటం చిన్న మార్పు కాదు. కానీ దారిలో కారిపోకుండా చేరడం ఒక సంగతి, చేరవలసిన వాళ్ళకు చేరడం మరో సంగతి. రైతు సాయం అని ఖజానా నుంచి పోతున్న సొమ్ములో పెద్ద భాగం పంటకు పెట్టుబడి పెట్టని, పంట పోతే నష్టపోని చేతుల్లోకి వెళ్తోంది. పరాయి భూమిలో పెట్టుబడీ నష్టమూ రెండూ మోసేవాళ్ళలో చాలామందికి అందులో పైసా రావడం లేదు. దీన్ని అమలులో దొర్లిన లోపంగా చూపడం తప్పు. పథకం నిర్మాణమే అలా ఉంది.

ముందుగా పొలంలో ఉన్నదెవరో చూడాలి. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం సాగు కమతాల్లో కౌలు వాటా దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అక్కడ నూటికి నలభైకి పైగా కమతాల్లో కౌలు భూమి ఉంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో చాలా ఊళ్ళలో ఆసాములు పట్నాలకో విదేశాలకో వెళ్ళిపోగా సార్వా, దాళ్వా రెండూ పండించేది కౌలుదారులే. తెలంగాణలో రైతు స్వరాజ్య వేదిక 2022లో 20 జిల్లాల్లో చేసిన సర్వేలో 7,744 మంది రైతులను కలిస్తే వారిలో 2,753 మంది కౌలుకు చేసేవాళ్ళని తేలింది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరి కంటే ఎక్కువ. అదే సంస్థ, టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి, 2014 నుంచి 2018 వరకు ఆత్మహత్య చేసుకున్న 692 మంది రైతుల కుటుంబాలను కలిసినప్పుడు మృతుల్లో నాలుగింట మూడు వంతుల మంది కౌలు భూమి చేస్తున్నవాళ్ళని తేలింది. సాయం ఎవరికి ముందు కావాలో చెప్పడానికి ఇంతకు మించిన కొలత అక్కర్లేదు.

కౌలు రైతు ఏడాది ఎలా నడుస్తుందో ఒకసారి దగ్గరగా చూడాలి. ఉమ్మడి వరంగల్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పత్తికి ఉగాది నాటికే మాట ఖాయం చేసుకుంటారు. కౌలు డబ్బు చాలాచోట్ల ముందే కట్టాలి. పంట వచ్చాక ఇస్తానంటే భూమి ఇంకొకరికి పోతుంది. మృగశిర కార్తెకు వాన పడగానే విత్తనం కావాలి. 475 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్టు ధర 2025లో 901 రూపాయలు, ఎకరానికి రెండు ప్యాకెట్లు. విత్తాక పది రోజులు వాన మొహం చాటేస్తే మొలకలు మాడిపోతాయి, మళ్ళీ అంతే పెట్టి విత్తాలి. డీఏపీ బస్తా 1,350, యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు అని సంచి మీద రాసి ఉన్నా చేతిలో డబ్బు లేనివాడికి ఆ ధరకు దొరకదు. కొట్టువాడి దగ్గర ఉద్దరకు తెచ్చుకుంటే ధర మీద ధర, దాని మీద వడ్డీ. పండిన పత్తి ఆ కొట్టువాడికే వేయాలనే మాట కూడా చాలాసార్లు అందులోనే ఉంటుంది. కలుపు తీతకు, మందు కొట్టడానికి, పత్తి ఏరడానికి కూలీలకు రోజుకారోజు ఇవ్వాల్సిందే.

లెక్క వేయడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. వర్షాధార పత్తి ఐదెకరాలు, కౌలు ఎకరానికి 12,000, సాగు ఖర్చు ఎకరానికి 26,000 అనుకుంటే మొత్తం 1,90,000 రూపాయలు. అందులో లక్షన్నర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పది నెలల తర్వాత కడితే వడ్డీ 30,000. ఎకరానికి ఆరు క్వింటాళ్ళు పండి, 2025–26 పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 పూర్తిగా దక్కితే వచ్చేది 2,43,300. ఇంటిల్లిపాదీ ఏడాది చేసిన కష్టానికి మిగిలేది 23,000 పైచిలుకు. కాయ పగిలే వేళ వానలు పట్టుకుని దిగుబడి నాలుగు క్వింటాళ్ళకు పడిపోతే, ఏరే ఖర్చు కిలోకు 12 రూపాయల చొప్పున తగ్గినా, 46,000 దాకా నష్టం. ఈ రెండు పరిస్థితుల్లోనూ ఆసామికి కౌలు 60,000, రైతు భరోసా మరో 60,000, వెరసి 1,20,000 రూపాయలు ఖాయంగా వస్తాయి. ఆ రెండో 60,000 పంట పెట్టినవాడికి చేరి ఉంటే నష్టపు ఏడాదిలో కూడా ఆ కుటుంబం అప్పులో మునగకుండా గట్టెక్కేది. ఖజానాకు అదనంగా ఒక్క రూపాయి ఖర్చయ్యేది కాదు.

నష్టం ఈ ఒక్క పథకంతో ఆగడం లేదు. పట్టాదారు పాసుపుస్తకం ఇప్పుడు వ్యవసాయ శాఖ గుమ్మం దాటడానికి తాళంచెవి అయింది. సొసైటీలో సబ్సిడీ జీలుగ, జనుము విత్తనాలకు వెళ్తే పాసుపుస్తకం జిరాక్స్ అడుగుతారు. బ్యాంకులో పంట రుణానికీ అదే. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల్లో కౌలుదారులు, నోటిమాట కౌలుదారులు, పాలుకు చేసేవాళ్ళు అందరూ అర్హులేనని స్పష్టంగా రాసి ఉంది. కానీ ఆ సర్వే నంబరు మీద ఆసామి అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే భూమికి రెండు పంట రుణాలు ఇవ్వలేమని మేనేజరు చెబుతాడు. దాంతో మూడు లక్షల లోపు రుణానికి సకాలంలో కడితే వడ్డీని 4 శాతానికి తగ్గించే రాయితీ సాగు చేయనివాడికి పోతుంది, సాగు చేసేవాడు ఏడాదికి 24 నుంచి 36 శాతం కట్టుకుంటాడు. ఆ తర్వాత వచ్చే రుణమాఫీ బ్యాంకు అప్పుకే వర్తిస్తుంది. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య తీసుకున్న పంట రుణాల్లో రెండు లక్షల దాకా తెలంగాణ ప్రభుత్వం 2024లో మాఫీ చేసింది. ఎరువుల కొట్టు అప్పు, అడ్తీదారు అప్పు ఏ మాఫీలోకీ రావు. మొదటి మెట్టు దగ్గర ఆగిపోయినవాడికి పై మెట్లన్నీ మూసుకుపోతాయి.

పంటల బీమా సంగతీ అంతే. 2016 ఖరీఫ్‌లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కౌలు రైతులకూ వర్తిస్తుందని కాగితం మీద ఉంది. ఆ భూమిని తామే చేస్తున్నట్టు రుజువు తెమ్మంటుంది. తెలంగాణ 2020లో ఆ పథకం నుంచి తప్పుకున్నాక ఆ తర్వాతి సీజన్లలో పట్టాదారుకు కూడా బీమా లేకుండా పోయింది. కానీ పట్టాదారుకు ఎకరం సాయం వస్తుంది, కౌలుదారుకు అదీ లేదు. అన్నిటికన్నా బాధాకరం రైతు బీమా. 2018 ఆగస్టు 15 నుంచి ఎల్ఐసీ ద్వారా నడుస్తున్న ఈ పథకం కింద 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు ఏ కారణంగా చనిపోయినా కుటుంబానికి ఐదు లక్షలు వస్తాయి. ఇది మంచి పథకం, కుటుంబాలను నిలబెట్టింది. అయితే ఉద్యోగం చేసుకుంటూ ఎన్నడూ పొలం గట్టు ఎక్కని పట్టాదారు కుటుంబానికి వర్తించే ఈ రక్షణ, ముప్పై ఏళ్ళుగా కౌలుకు చేస్తూ గుంట భూమి లేని రైతు కుటుంబానికి వర్తించదు.

కౌలు రైతులకు కూడా ఎంతో కొంత సొంత భూమి ఉంటుంది గనుక వాళ్ళకూ సాయం అందుతూనే ఉందన్నది తరచూ వినిపించే మొదటి సమాధానం. చాలామందికి ఎకరమో రెండెకరాలో ఉన్న మాట నిజమే. ఎకరం సొంతంగా, ఆరెకరాలు కౌలుకు చేసే రైతుకు ఎకరానికే సాయం వస్తుంది. పెట్టుబడి, అప్పు, నష్టభయం ఏడెకరాలవి. మిగతా ఆరెకరాల సాయం ఆయన చేత కౌలు కట్టించుకున్న మనిషికి వెళ్తుంది. ఇక సెంటు భూమి లేనివాళ్ళ సంగతి ఈ వాదన అసలు ఎత్తదు. దళితులు, ఆదివాసులు, భర్త చనిపోయాక అత్తింటివారి పేరున ఉన్న పొలాన్నే చేసుకుంటున్న ఆడవాళ్ళు ఈ లెక్కలో ఎక్కడా కనపడరు.

ఆసామికి సాయం అందితే ఆ మేరకు కౌలు తగ్గిస్తాడు, చివరికి కౌలుదారుకే లాభం అనేది రెండో వాదన. రైతుబంధు తొలి రోజుల్లో ఆసాములే పెద్దమనసుతో కౌలుదారులకు ఇచ్చుకోవాలన్న మాట పాలకుల నోట కూడా వచ్చింది. మంచి మనసు ఉన్న ఆసాములు కొందరు ఇచ్చి ఉండవచ్చు. విధానాన్ని మంచి మనసు మీద నిలబెట్టలేం. ఆసామికి ఈ డబ్బు కౌలుకిచ్చినా వస్తుంది, బీడు పెట్టినా వస్తుంది. రైతు భరోసాలో షరతు భూమి వ్యవసాయ యోగ్యంగా ఉండటమే తప్ప, పంట వేసి ఉండటం కాదు. కౌలు తగ్గించకపోతే పోయేదేమీ లేనప్పుడు ఎందుకు తగ్గిస్తాడు? పైగా ఊళ్ళో భూమికి పోటీ ఉంటుంది. ఇతను కాదంటే మరొకడు వస్తాడు.

దీనికి ఎదురు ప్రశ్న ఒకటి న్యాయంగా అడగవచ్చు: సాయం కౌలుదారుకు ఇస్తే ఆసామి కౌలు పెంచి దాన్ని లాగేసుకోడా? కొంత లాగుతాడు. ఎంత అన్నది ముఖ్యం. అమెరికాలో వ్యవసాయ సబ్సిడీలపై ఆర్థికవేత్త బారెట్ కిర్వాన్ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ప్రతి డాలరు సబ్సిడీలో దాదాపు నాలుగో వంతు కౌలు రూపంలో భూయజమానికి పోతోంది, మిగతా మూడు వంతులు సాగుచేసే కౌలుదారు దగ్గరే నిలుస్తోంది. అక్కడి పరిస్థితులు వేరు, అంకెలు ఇక్కడికి యథాతథంగా వర్తించవు. అయినా కొంత జారిపోతుందన్న భయంతో మొత్తం ఆసామికే అప్పగించడం ఏ తర్కానికీ నిలవదు. అసలు గమనించాల్సింది వేరొకటి ఉంది. అమెరికాలో నగదు కౌలుకు భూమి తీసుకున్న చోట ప్రభుత్వ చెల్లింపులు సాగుదారుకే వెళ్తాయి. పాలు పద్ధతిలో అయితే నష్టభయం ఇద్దరూ పంచుకుంటారు గనుక ఇద్దరికీ వాటా ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2013 సంస్కరణల్లో ‘క్రియాశీల రైతు’ అనే నిబంధన తెచ్చింది కూడా భూమి ఉండి సాగు చేయనివాళ్ళను పక్కన పెట్టడానికే. ఇక్కడ నగదు బదిలీని సమర్థించేటప్పుడు ఆ దేశాల పేరు చెప్పేవాళ్ళు ఈ భాగాన్ని వదిలేస్తున్నారు.

మూడోది సొంత వ్యవహారం అన్న మాట. కౌలు ఇద్దరి మధ్య ఒప్పందమే. కానీ ఆ భూమి మీద ప్రభుత్వం ఎకరానికి 12,000 పెడుతున్నప్పుడు అది ఇద్దరి వ్యవహారంగా మిగలదు. ఆ ఒప్పందంలో ప్రభుత్వం అప్పటికే ఒక పక్షాన చేరింది. డబ్బు ఎవరికివ్వాలో తేల్చుకోవడంలోనే జోక్యం జరిగిపోయింది; ఆ జోక్యం బలమైనవాడి పక్షాన జరిగింది.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేదీ, అన్నిటికన్నా బలహీనమైనదీ నాలుగో వాదన: కౌలు రైతును గుర్తించడం అసాధ్యం. తెలంగాణలో ఐదువేల ఎకరాలకు ఒక క్లస్టరు, క్లస్టరుకో వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు. ప్రతి సీజనులో సర్వే నంబర్ల వారీగా ఏ మడిలో ఏ పంట ఉందో నమోదు చేయడం ఆయన పని. ఆంధ్రప్రదేశ్‌లో ఈ–పంట పేరుతో అదే పని జరుగుతోంది. చేనులో నిలబడి పంట పేరు రాయగలిగిన అధికారికి ఆ పంట ఎవరు వేశారో కనుక్కోవడం కష్టమెలా అవుతుంది? ఊళ్ళో ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు. ఒకప్పుడు ప్రభుత్వ దస్త్రాలకూ తెలుసు. పహాణీలో పట్టాదారు పేరు పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. తెలంగాణలో 2017లో జరిగిన రికార్డుల ప్రక్షాళన, 2020 నాటి కొత్త పాసుపుస్తకాల చట్టం, ధరణి పోర్టల్ ఆ కాలమ్‌ను తీసేశాయి. తనకు తెలిసిన సమాచారాన్ని తానే చెరిపేసిన ప్రభుత్వం, తెలియదు గనుక సాయం చేయలేనంటే ఒప్పుకోనక్కర్లేదు.

గుర్తించాలనుకున్నప్పుడు ప్రభుత్వాలు గుర్తించాయి కూడా. రైతు ఆత్మహత్య జరిగితే 2004 నాటి 421 నంబరు జీవో, 2015లో తెలంగాణ తెచ్చిన 194 నంబరు జీవో ప్రకారం రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల త్రిసభ్య కమిటీ ఇంటికి వెళ్ళి మృతుడు ఏ భూమి చేశాడో, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చాడో విచారిస్తుంది. కౌలు రైతు చనిపోయాక చేయగలిగిన విచారణ, బతికుండగా ఎందుకు చేయకూడదో ఎవరూ చెప్పలేదు. 2023 మార్చిలో వడగళ్ళ వానకు పంటలు పోయినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఎకరానికి 10,000 రూపాయల సాయం ప్రకటిస్తూ కౌలు రైతులకూ అందేలా చూడాలని అధికారులకు చెప్పింది. ఐదేళ్ళుగా గుర్తించడం కుదరదన్న ప్రభుత్వమే అది.

ఇతర రాష్ట్రాల అనుభవం ఇంకా స్పష్టంగా ఉంది. పశ్చిమ బెంగాల్‌లో 1978లో ఆపరేషన్ బర్గా మొదలైనప్పుడు కంప్యూటర్లు లేవు, ఆధార్ లేదు, సెల్‌ఫోన్లు లేవు. రెవెన్యూ అధికారులు పగలు ఆసామి ఇంట్లో కూర్చునే అలవాటు మాని, కూలీనాలీ ముగించుకుని జనం వచ్చే సాయంత్రపు వేళ బర్గాదారుల, అంటే పాలుకు చేసే రైతుల, వాడల్లో శిబిరాలు పెట్టారు. అందరి ముందూ పేర్లు చదివారు, అభ్యంతరాలు అక్కడే విన్నారు, మరునాడు పొలానికి వెళ్ళి చూశారు. అలా పదిహేను లక్షల మంది దాకా పాలు రైతుల పేర్లు రికార్డుకెక్కాయి. నమోదైన చోట్ల దిగుబడి పెరిగిందని బెనర్జీ, గర్ట్‌లర్, ఘటక్ 2002లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. ఒడిశా 2019లో కాలియా పథకం తెచ్చినప్పుడు చిన్న, సన్నకారు రైతులతో పాటు పాలు రైతులను, భూమిలేని వ్యవసాయ కుటుంబాలను కూడా చేర్చింది. ఆ జాబితాల్లో తప్పులు దొర్లాయి, అనర్హుల పేర్లు తీసేయాల్సి వచ్చింది. పట్టాదారుల జాబితాలోనూ గుట్టలు, రోడ్లు, ప్లాట్లుగా మారిన భూములు దొర్లాయి; ఆ కారణంగా రైతుబంధును ఆపమని ఎవరూ అనలేదు.

ఆసాముల భయం గురించి మాత్రం నిజాయితీగా మాట్లాడాలి. ఆ భయం ఊరికే పుట్టలేదు. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌల్దారీ చట్టం కింద రక్షిత కౌలుదారులు ఎందరో భూమికి యజమానులయ్యారు. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి కౌలు చట్టం, తర్వాతి సవరణలు కౌలుకు కనీసం ఆరేళ్ళ గడువు పెట్టాయి. ఆ చట్టాల వెనుక ఉద్దేశం న్యాయమైనదే, కానీ ఫలితంగా ఆసాములు కాగితం మీద సంతకం పెట్టడం మానేశారు, ఏటా కౌలుదారును మార్చడం నేర్చారు. చిన్న ఉద్యోగం కోసం ఊరు వదిలిన రెండెకరాల ఆసామికి కూడా పొలం పోతుందేమోనన్న బెంగ ఉంది. దానికి విరుగుడు 2011లోనే దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అధీకృత సాగుదారుల చట్టం కింద ఇచ్చే రుణ అర్హత కార్డు గడువు ఒక్క ఏడాది. దానివల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాశారు. పంట రుణం, బీమా, నష్టపరిహారం లాంటివాటికే అది పనికొస్తుంది. దరఖాస్తు సాగుదారు పెట్టుకోవచ్చు, ఆసామి సంతకం తప్పనిసరి కాదు. తొలి ఏడాదే లక్షల మందికి కార్డులు వెళ్ళాయి. వాటివల్ల ఏ ఆసామి భూమీ పోలేదు. బ్యాంకులు మొహం తిప్పుకోవడంతో కార్డు విలువ పడిపోయింది; తెలంగాణలో ప్రభుత్వమే కార్డులివ్వడం ఆపేసింది.

ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ చట్టం స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి పదకొండు నెలల ఒప్పందానికి ఆసామి సంతకం తప్పనిసరి చేసింది. కౌలు రైతును చేర్చిన రాష్ట్రంగా దానికి పేరు వచ్చింది. చేర్చడం నిజమే, ఏటా లక్షల కార్డులు ఇచ్చిన మాటా నిజమే. కానీ వైఎస్సార్ రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల భూమిలేని కౌలుదారులకే చోటిచ్చారు. మిగతా కౌలుదారుల పొలంలో వరద నీళ్ళు కులం చూసి ఆగవు. ఇక సంతకం తప్పనిసరి అన్న నిబంధనతో తాళం మళ్ళీ ఆసామి చేతికే వెళ్ళింది. సంతకం పెడితే తన పంట రుణానికి, తన సాయానికి ఇబ్బంది వస్తుందని తెలిసిన ఆసామి పెట్టడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది పొలం ఉండదని కౌలుదారు అడగడు.

మద్దతు ధర ఉంది కదా, పండించినవాడికే దక్కుతుంది కదా అన్నది చివరి వాదన. ఇందులో సగం నిజముంది. పంటతో ముడిపడిన సాయం భూమితో ముడిపడిన సాయం కంటే సాగుదారుకు దగ్గరగా ఉంటుంది. 2024 వానాకాలం నుంచి తెలంగాణ సన్న వడ్లకు క్వింటాలుకు ఇస్తున్న 500 రూపాయల బోనస్ కొనుగోలు కేంద్రానికి ధాన్యం తెచ్చినవాళ్ళకు చేరే అవకాశం ఎక్కువ. అయితే అక్కడా ఖాతా ఎవరిదన్నది పంట నమోదులో ఉన్న పేరును బట్టే తేలుతుంది; నమోదులో ఆసామి పేరుంటే డబ్బు ఆయన ఖాతాకే పోతుంది, కౌలుదారు ఆయన చుట్టూ తిరగాలి. ధర లెక్కలోనూ కౌలుదారు నష్టపోతున్నాడు. కేంద్రం మద్దతు ధరను ఏ2 (రైతు చేతి నుంచి పెట్టిన ఖర్చు), కుటుంబ శ్రమ కలిపిన మొత్తానికి ఒకటిన్నర రెట్లుగా కడుతోంది. ఏ2లో చెల్లించిన కౌలు ఉంటుంది, కానీ అది నమూనాలోని రైతులందరి మీదా సగటుగా పడుతుంది. సొంత భూమివాళ్ళు ఎక్కువగా ఉన్న నమూనాలో ఎకరానికి పన్నెండు వేల కౌలు కాస్తా చిన్న అంకెగా మారిపోతుంది. సొంత భూమికి కూడా కౌలు విలువ కట్టే సీ2 ఖర్చును లెక్కలోకి తీసుకుంటేనే కౌలు రైతు అసలు ఖర్చుకు దగ్గరగా వస్తాం. మద్దతు ధరకు చట్టబద్ధత కావాలని అడిగేవాళ్ళు సీ2 కోసం పట్టుబట్టడంలో ఉన్న అర్థం ఇదే. దాన్ని రాజకీయ కోరికగా కొట్టిపారేయడం తేలిక, పొలం లెక్క చూస్తే అంత తేలిక కాదు.

ఇన్ని వాదనల వెనుక ఉన్న అసలు అడ్డంకి వేరు. తెలంగాణలో పట్టాదారుల సంఖ్య డెబ్బై లక్షలకు అటూ ఇటూ. వాళ్ళలో సాగు వదిలేసినవాళ్ళ దగ్గర్నుంచి సాయాన్ని సాగుదారుకు మళ్ళిస్తే ఓట్లు పోతాయని ప్రతి పార్టీకీ భయం. ఎకరానికి 15,000 చొప్పున రైతులకూ కౌలు రైతులకూ ఇస్తామని 2023 ఎన్నికల్లో హామీ ఇచ్చి గెలిచిన ప్రభుత్వం కూడా 2025 జనవరిలో రైతు భరోసా మొదలుపెట్టినప్పుడు పట్టాదారులకే పరిమితమైంది. భూమిలేని కూలీ కుటుంబాలకు ఏటా 12,000 ఇచ్చే వేరే పథకం ప్రకటించింది. అది అవసరమే, కానీ ఆరెకరాల పత్తికి రెండు లక్షలు అప్పు చేసిన కౌలుదారు కూలీగా లెక్కలోకి రాడు, రైతుగానూ లెక్కలోకి రాడు.

చేయాల్సిన పని చిన్నదే, పైగా దాని భాగాలన్నీ ఇప్పటికే ఉన్నాయి. 2011 చట్టం తెలంగాణలో ఇంకా రద్దు కాలేదు. వానాకాలం పంటల నమోదు ఏటా ఎలాగూ జరుగుతోంది. అందులో పట్టాదారు పేరు పక్కన సాగుదారు పేరు, ఆధార్, ఖాతా నంబరు రాస్తే చాలు. ఆ జాబితాను గ్రామసభలో చదవాలి, పంచాయతీ గోడకు అంటించాలి, పదిహేను రోజులు అభ్యంతరాలు వినాలి. ఆసామి సంతకం అడగకూడదు. అభ్యంతరం చెప్పే హక్కు మాత్రం ఆయనకు ఉండాలి. కౌలు భూమి అని తేలిన చోట ఆ సీజను ఎకరం సాయం సాగుదారు ఖాతాలో పడాలి. ఆసామికి భూమి ప్రతిఫలం కౌలు రూపంలో అప్పటికే అందింది. అదే జాబితాను జిల్లా స్థాయి బ్యాంకర్ల కమిటీకి పంపి, ఆసామి పాత పంట రుణం తాకట్టు రుణంగా మారాక ఆ సర్వే నంబరు మీద కొత్త పంట రుణం సాగుదారుకు ఇవ్వాలి. మొండి బకాయిల భయం ఉంటే మొదటి కొన్నేళ్ళు రాష్ట్రం హామీ నిధి పెట్టవచ్చు. బ్యాంకులు రుణమాఫీ కోసం ప్రభుత్వం నుంచి తీసుకున్న మొత్తంతో పోలిస్తే అది చాలా చిన్నది. విత్తనం, నష్టపరిహారం, కొనుగోలు కేంద్రంలో చెల్లింపు కూడా ఈ జాబితాతోనే సాగాలి. రైతు బీమా ప్రీమియం ఏటా ఆగస్టులో కడుతున్నారు. పంటల నమోదులోకి ఎక్కిన ప్రతి సాగుదారు పేరునూ ఎల్ఐసీకి పంపవచ్చు.